మూరెడు కప్పు

తుపానులో ఇంటి కప్పు ఎగిరిపోయినవారిని ఇకమీదట బాధితులని పిలవరాదనీ, వినియోగదారులని మాత్రమే పిలవాలనీ బరంపురం నుంచి వచ్చిన ‘సహృదయ నవకల్పన కేంద్రం’ వారు రామయ్యపట్నం ఒడ్డున మైకులో ప్రకటించారు. ఆ విధంగా ఎండుచేపలమ్ముకునే దానమ్మ అరవయ్యో ఏట, ఏ పరీక్షా రాయకుండానే వినియోగదారురాలైంది.

అప్పటికి ఆమె కోడలు గాయత్రి తొమ్మిదిరోజుల బాలింత. ఇంటి గోడలు నాలుగూ నిలిచాయి గాని పైన ఆకాశమే. శుక్రవారం మళ్లీ పెద్దవాన అని రేడియో చెబుతోంది. కేంద్రం వారి వ్యానులో నలభై టార్పాలిన్లున్నాయి. ఊళ్లో కప్పులేని ఇళ్లూ నలభయ్యే. ఇంత సులువైన లెక్క దొరికితే మామూలు మనుషులు పంచేసి వెళ్లిపోయేవారు. కేంద్రం వారు చదువుకున్నవాళ్లు.

బృందనాయకుడు శరత్ చంద్ర మంచివాడు. ఇది వెక్కిరింపు కాదు. ఎండలో చెమటలు కక్కుతూ కూడా మంచినీళ్లు ముందు ముసలివాళ్లకిచ్చి తాను తాగే మనిషి. “పరిష్కారం ముందే అనుకుని రావడం తప్పు దానమ్మగారూ,” అన్నాడు. “మొదట మీ బాధ మేం అనుభవించాలి. మీకు నొప్పి ఎక్కడుందో చెప్పండి.”

దానమ్మ కళ్లు చెమర్చాయి. కొడుకు ఆ మాట అడిగి ఎన్నేళ్లయిందో! “మోకాళ్ల కాడ బాబూ. నడుం కూడా సలుపుతాది,” అంది.

ఆయన దాన్ని పసుపు చీటీ మీద రాసి బోర్డుకి అంటించాడు. తక్కినవాళ్లూ మోకాళ్లు, నడుములు, ఒకరిద్దరు పళ్లు చెప్పారు. ఎగిరిపోయిన కప్పు నొప్పెడుతోందని ఒక్కరూ అనలేదు. మర్నాడు ఇంటికొక నొప్పుల మందు సీసా వచ్చింది. మందు మంచిదేనని ఒప్పుకోవాలి.

ఆ తరవాత రోజూ పొద్దున్నే నిలబడి జరిపే సమావేశం. కూర్చుంటే పని మందగిస్తుందట. కూర్చోడానికి పొడినేల ఎలాగూ లేదు. ఒక్కొక్కరూ మూడు ప్రశ్నలకు జవాబివ్వాలి: నిన్న ఏం చేశారు, ఈ రోజు ఏం చేస్తారు, అడ్డంకి ఏమిటి?

“నిన్న తడిసినాం. ఇయ్యాల తడుత్తాం,” అంది దానమ్మ. “అడ్డంకేటంటే, నెత్తి మీద ఏ అడ్డూ నేదు బాబూ. ఆ బండిలో ఉన్నాయి గదా, ఒకటి ఇటు పడెయ్యి. పసిగుడ్డు ఉంది.”

శరత్ చంద్ర పరవశించిపోయాడు. “వినియోగదారు నోట అవసరం పలికింది!” అని మైకందుకున్నాడు. “అయితే ఒకేసారి మొత్తం ఇచ్చేయడం పాతకాలపు పద్ధతి. కొంచెం ఇస్తాం, వాడి చూస్తారు. అభిప్రాయం తీసుకుని, మెరుగుపరిచి, మరికొంచెం ఇస్తాం. కప్పు అనేది వస్తువు కాదు, ప్రయాణం!”

ఒక టార్పాలిన్ తీసి నలభై ముక్కలు కోశారు. ఇంటికి మూరెడు చదరం. తక్కిన ముప్ఫైతొమ్మిదీ వానకి తడుస్తాయేమోనని భద్రంగా బరంపురం గోదాముకు పంపించేశారు.

మూరెడు ముక్క తల్లికి కప్పితే బిడ్డ తడుస్తుంది, బిడ్డకి కప్పితే తల్లి తడుస్తుంది. “ఏటత్తా ఇది, జేబురుమాలా?” అంది గాయత్రి. దానమ్మకి ముందు ఏడుపొచ్చింది, ఆనక కోపమొచ్చింది. పనికొచ్చింది కోపమే.

దానమ్మ అత్తవారిది మేకు కొట్టకుండా, పలకల్ని కొబ్బరితాడుతో కుట్టి పడవలు కట్టిన వంశం. పక్కింటి కూర్మమ్మని కేకేసింది. “ఊళ్లో ముక్కలన్నీ అట్టుకురాయే. ముందు బాలింతరాలికి కప్పుదాం. సముద్రంలో నానిన ఒళ్లు మనవి, వానకేటవుద్ది?”

ముప్ఫైతొమ్మిది ఇళ్లవాళ్లూ మారుమాట లేకుండా ఇచ్చేశారు. వలలు బాగుచేసే సూదులతో పడవకుట్టు వేసి, సందుల్లో తారు పూసి, గురువారం పొద్దువాలేసరికి నలభై ముక్కల్నీ కలిపారు. కేంద్రం వారు కోసిన టార్పాలిన్, కాస్త చిక్కినా, మళ్లీ టార్పాలినే అయింది. శుక్రవారం వాన దంచింది. గాయత్రి పక్క మీద ఒక్క చుక్క పడలేదు. మిగతా ఊరు యథావిధిగా తడిసింది.

సోమవారం శరత్ చంద్ర ఆ కప్పు చూసి నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. నివేదికలో ఇలా రాశాడు: “వినియోగదారులు ఉత్పత్తిని స్వయంగా పూర్తిచేసుకున్నారు. ముప్ఫైతొమ్మిది కుటుంబాలు తమ వాటా స్వచ్ఛందంగా వదులుకున్నందున, వారికి దాని అవసరం లేదని తేలింది.”

“అవసరం నేకేటి బాబూ!” అని అరిచింది దానమ్మ. “పసిదాని మొకం సూసి ఇచ్చినారు. ఆళ్లు తడిసి సస్తన్నారు!”

“మీ అభిప్రాయం ఎంతో విలువైనది,” అంటూ ఆయన దాన్నీ ఒక పసుపు చీటీ మీద రాసుకున్నాడు.

రెండో విడత ఇవ్వాలా వద్దా అన్నది నియమావళి ప్రకారం ప్రజాభిప్రాయమే తేల్చాలి. ఊళ్లో ఫోన్లన్నీ తుపానులోనే పోయాయి. అందుచేత దానమ్మ ఇంటి కప్పు ఫొటో తీసి, ‘పేదల ప్రతిభకు జోహార్’ అని రాసి, ఫోన్లున్న ప్రజల్లోకి వదిలారు. పదకొండువేలమంది చప్పట్ల బొమ్మ నొక్కారు. పని తృప్తికరంగా ముగిసిందనడానికి అంతకన్నా సంతకాలేం కావాలి? గోదాముకి తాళం పడింది.

మీరూ ఆ ఫొటో చూసే ఉంటారు. మనసు కరిగి నొక్కే ఉంటారు. ముప్ఫైతొమ్మిది ఇళ్లకి కప్పు వద్దన్నది మీరే.