పంటిలో పురుగు

తొమ్మిదింటికి పళ్ళ డాక్టరు, పదింటికల్లా బడి. తల్లి వేసుకున్న లెక్క అంతే. ఇంట్లో అందరూ బుడంకాయ అని పిలిచే ఐదేళ్ళ కూతురికి దవడ పన్ను పుచ్చి, మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. సూది, పీకడం, నొప్పి అనే మాటలు ఎవరూ ఎత్తడానికి వీల్లేదని తల్లి అందరికీ గట్టిగా చెప్పింది.

"ఏం లేదమ్మా, పంటికి పురుగు పట్టింది. డాక్టరమ్మ ఊరికే చూస్తుంది," అంది జడ వేస్తూ.

"పురుగుకి కాళ్ళుంటాయా?"

తల్లి రిబ్బను ముడి వేసింది. "ఉంటాయి కాబోలు."

పిల్ల అద్దం ముందు నోరు తెరిచి, "భయపడకు, బయటికి రా," అని బతిమాలింది. అది రాలేదు. దానికి ఆకలేస్తోందేమోనని నాన్నమ్మ దగ్గరికెళ్ళి పంచదార అడిగింది. పాపం పిల్ల ఏమీ తినడం లేదని నాన్నమ్మ రెండు చెంచాలు పోసింది. పన్ను జివ్వుమంది. ఏడుపు విని, గడ్డానికి నురగతోనే తండ్రి పరిగెత్తుకొచ్చాడు.

"ఏడవకు తల్లీ, డాక్టరు దాన్ని చంపేస్తుందిగా!"

పిల్ల ఠక్కున నోరు మూసేసింది.

బస్సులో తెరవలేదు. ఆసుపత్రిలో పేరడిగితే తెరవలేదు. డాక్టరమ్మ కుర్చీని పైకీ కిందికీ ఆడించి చూపించినా పెదాలు బిగించే ఉంది.

"పోనీ, నేను కూర్చుంటా. చూడు, ఏమీ ఉండదు," అంటూ తల్లే కుర్చీ ఎక్కింది. డాక్టరమ్మ చిన్న అద్దం నోట్లో పెట్టి చూసి, "మీకు రెండున్నాయండీ," అంది.

"రెండా!" పిల్ల రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది. "అమ్మవి కూడా చంపేస్తావా?"

"ఏమిటమ్మా చంపేది?"

"పురుగుల్ని."

డాక్టరమ్మ తల్లి వైపు చూసింది. తల్లి కుర్చీ చేతులు ఇంకా వదల్లేదు. ఏడేళ్ళప్పుడు తననీ ఊరికే చూస్తారనే తీసుకెళ్ళారు. ముగ్గురు పెద్దవాళ్ళు కాళ్ళూ చేతులూ పట్టుకుంటే పన్ను పీకారు. నొప్పి ఎప్పుడో మరిచిపోయింది. ఆ 'ఊరికే' మాత్రం మరిచిపోలేదు.

దిగి వచ్చి కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"పురుగు లేదే. నేనే అబద్ధం చెప్పాను. నీ పంటికి చిన్న గొయ్యి పడింది. శుభ్రం చేసి పూడుస్తారు."

"నొప్పి పెడుతుందా?"

నాలుక చివరి దాకా వచ్చిన 'పెట్టదు'ని తల్లి మింగేసింది. "కొంచెం పెడుతుంది. నువ్వు చెయ్యెత్తితే ఆపేస్తారు."

"అయితే ఎవరూ చచ్చిపోరా?"

"ఎవరూ చచ్చిపోరు."

పిల్ల కుర్చీ ఎక్కి నోరు తెరిచింది. రెండుసార్లు చెయ్యెత్తింది. డాక్టరమ్మ రెండుసార్లూ ఆగింది. మూడోసారి ముక్కు గోక్కోవడానికి ఎత్తినా ఆగింది. కళ్ళు చెమర్చాయి గానీ పిల్ల నోరు మూయలేదు.

బయటికొస్తుంటే బల్ల దగ్గరి అమ్మాయి, "మీ రెండు పళ్ళకీ మంగళవారం పొద్దున రాయనా అండీ?" అని అడిగింది.

"ఇప్పుడేం తొందర... ఇంట్లో బోలెడు పని..."

"భయమైతే తోడు ఎవరినైనా తెచ్చుకోండి."

తల్లి మెల్లగా కూతురి వైపు చూసింది.

"పొద్దున నాకు బడుంది," అంది బుడంకాయ.

సాయంత్రం ఐదింటికి రాసుకున్నారు.