అందరికీ ఒకటో నంబరే

తోడల్లుళ్ళంటే మా అల్లుళ్ళిద్దరిలా ఉండాలని మా వీధిలో నేను చెప్పుకోని ఇల్లు లేదు. ఒకే ఆఫీసు, ఒకే గది, పక్కపక్క కుర్చీలు. ఒకరి మీద ఒకరికి ఆవగింజంత అసూయ ఉందని రుజువు చేస్తే మీసం తీయించుకుంటానని కూడా పందెం కాశాను. అప్పటికి నాకు మీసం లేదు, అది వేరే సంగతి.

ఆ రోజు పొద్దున పెద్దల్లుడు గడ్డం గీసుకుంటూ ఒక ప్లాను వేశాడు. వాళ్ళ కంపెనీ ఒక కళ్ళాసుపత్రికి టోకెన్లిచ్చే యంత్రం ప్రోగ్రాం రాస్తోంది. మధ్యాహ్నం ఆసుపత్రిలో అది మొదలవుతుంది. సాయంత్రం, ఆఫీసులో ఖాళీగా ఉన్న అద్దాల గదిలో టీం లీడరుగా ఎవరు కూర్చుంటారో పెద్దసారు చెబుతాడు. ఆ గది మీద పెద్దల్లుడికి ఎంత మోజంటే, అటు వెళ్ళినప్పుడల్లా దాని తలుపు తీసి వేసి చూసేవాడు. అడ్డమల్లా చిన్నల్లుడే. తేదీ రాసేది, పేరు సరిచూసేది, తర్వాతి టోకెన్ నంబరిచ్చేది ఇలా అందరికీ పనికొచ్చే చిన్నచిన్న పనుల ఫంక్షన్లన్నీ సీ అనే కంప్యూటరు భాషలో రాసి ఒక ఫైల్లో పెట్టాడు. గదిలో ఎవరికేం కావాలన్నా అందులోంచే పిలుచుకుంటారు. ఆ ఫైలే లేకపోతే మన బండి కదలదని ముందురోజు పెద్దసారు అందరి ముందూ అన్నాడు. ఆ మాట పెద్దల్లుడికి పంటి కింద రాయిలా తగిలింది. సర్దుతున్నాననే వంకతో ఆ ఫంక్షన్లన్నీ తన ఫైల్లోకి లాక్కుని, పైన తన పేరు రాసుకోవాలన్నది ప్లాను.

ప్రోగ్రాం ముక్కలన్నీ అతికించి ఒకటి చేసే లింకర్ అని ఒకటుంటుందట. నాకర్థమైనంతలో అది మా బళ్ళో హాజరు పిలిచే మాస్టారు. పేరు పిలిస్తే ఒక్కడే పలకాలి. ఇద్దరు పలికినా తంటా, ఎవరూ పలక్కపోయినా తంటా. పెద్దల్లుడు ముందు ఫంక్షన్లను తన ఫైల్లోకి నకలు చేశాడు. ప్రతి పేరుకీ ఇద్దరేసి పలికారు. చిరాకేసి తోడల్లుడి ఫైలు మొత్తం తీసేశాడు. ఈసారి సగం పేర్లకి ఎవరూ పలకలేదు, తను నకలు చేయడం మరిచిపోయినవి దాంతోపాటే పోయాయి మరి. వాటిని వెతికి తెస్తే, అవి ఇంకెవరినో పిలవడం మొదలుపెట్టాయి. తెర నిండా ఎర్రటి తప్పులు.

ఊపిరాడక మా పెద్దమ్మాయికి ఫోన్ చేసి వాపోయాడు.

"మరిది పక్కనే ఉంటాడుగా, ఒక్క మాట అడగండి," అంది అమ్మాయి.

"నీ మరిది పేరెత్తితే నేను మాట్లాడను."

"అయితే ఫోన్ పెట్టేయండి, స్టవ్ మీద పాలున్నాయి."

అప్పుడు తట్టింది మహానుభావుడికి. హెడర్ అని ఒక ఫైలుంటుంది, ప్రతి ముక్కా మొదట్లోనే దాన్ని తనలో కలుపుకుంటుంది. ఫంక్షన్లన్నిటినీ నిలువునా తెచ్చి అందులో పోసి, ఒక్కోదాని ముందు స్టాటిక్ అని ఒక మాట తగిలించాడు. ఆ మాట ఉంటే ఏ ముక్క ఫంక్షను ఆ ముక్కకే సొంతం, బయటికి కనపడదు. అంటే ప్రతివాడూ హాజరు వాడింట్లోనే పలుక్కుంటాడు, మాస్టారి చెవిన పడదు. లింకర్ కిక్కురుమనలేదు.

తేదీ రాసే ఫంక్షనుకి ఎన్ని నకళ్ళున్నా ఫరవాలేదు, తేదీ ఒకటే. టోకెను సంగతి అలా కాదు. ఎంతవరకు నంబర్లిచ్చామన్న లెక్క ఆ ఫంక్షను దగ్గరే ఉంటుంది. ఆసుపత్రిలో నాలుగు కిటికీలు: కొత్తవాళ్ళకొకటి, పాతవాళ్ళకొకటి, పిల్లలకొకటి, ముసలివాళ్ళకొకటి. కిటికీకో ముక్క, ముక్కకో లెక్క. ప్రతి కిటికీ ఒకటి నుంచి మొదలుపెడుతుందన్నమాట. లోపల డాక్టరేమో ఒక్కడే.

చిన్నల్లుడు వెనకనుంచి తొంగి చూశాడు. చూడగానే తెలిసిపోయింది. చెబుదామని నోరు తెరిచాడు కూడా. అంతలో, తన ఫంక్షన్ల నెత్తిన తోడల్లుడి పేరు కనపడింది. తెరిచిన నోటితోనే, "భలే సర్దారన్నయ్యా," అన్నాడు.

"ఒకసారి పరీక్షించి చూస్తావా?"

"మీరు రాశాక పరీక్షేంటన్నయ్యా."

ఆవగింజంత అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చెరో బస్తా ఉంది.

మధ్యాహ్నం నేను అదే ఆసుపత్రిలో ఉన్నాను, కళ్ళు చూపించుకోవడానికి. ముసలివాళ్ళ కిటికీలో నా చేతికి ఒకటో నంబరొచ్చింది. బళ్ళో చదివినన్నాళ్ళూ దేంట్లోనూ మొదటివాణ్ణి కాలేదు నేను. చీటీ జేబులో పెట్టబుద్ధి కాక, నలుగురికీ కనపడేలా దాంతో విసురుకుంటూ కూర్చున్నాను. బోర్డు మీద ఒకటి వెలిగింది. నేను లేచాను. నాతోపాటు ఒక దర్జీ, పిల్లాణ్ణి ఎత్తుకున్న ఒక తల్లి, ఒక లావుపాటి లెక్చరరు కూడా లేచారు. అందరి కళ్ళల్లోనూ చుక్కల మందు వేసి ఉంది, ఎవరి చీటీ ఎవరూ చదవలేరు.

"మీది ఏడేమో సరిగ్గా చూసుకోండమ్మా," అన్నాడు దర్జీ.

"చూపు సరిగ్గా ఉంటే ఇక్కడికెందుకొస్తానయ్యా?" అంది ఆవిడ.

నలుగురం ఒకేసారి తలుపులో ఇరుక్కున్నాం. లోపల డాక్టరు పిల్లాడి బదులు లెక్చరరుని ఒళ్ళో కూర్చోబెట్టుకోమని తల్లికి చెప్పేశాడు. కబురందుకుని పెద్దల్లుడు పరుగెత్తుకొచ్చి, అన్ని యంత్రాలకీ ఒకటే మందన్నట్టు దాన్ని ఆపి మళ్ళీ వేశాడు. లెక్కలన్నీ మళ్ళీ మొదటికొచ్చి, కిటికీలు ఇంకో విడత ఒకట్లు పంచాయి. హాల్లో పాత ఒకట్లు, కొత్త ఒకట్లు అని రెండు పార్టీలయ్యాయి.

"మామయ్యగారూ, మీరైనా కాస్త కూర్చోండి," అని బతిమాలాడు.

"ఒకటో నంబరువాణ్ణి, నేనెందుకు కూర్చుంటాను బాబూ?" అన్నాను.

అద్దాల గది చేజారుతోందని అతనికి చెమటలు పట్టాయి. మూలకెళ్ళి లాప్‌టాప్ తెరిచి, ఆ ఫైలు పైనుంచి తన పేరు కొట్టేసి చిన్నల్లుడి పేరు పెట్టి, ఇదిగో ఇక్కడ నడుస్తున్నది ఇదీ అని పెద్దసారుకి పంపేశాడు.

అక్కడ ఆఫీసులో పెద్దసారు చిన్నల్లుడి నెత్తిన నిలబడి ఉన్నాడు. ఇక తప్పక చిన్నల్లుడు పొద్దుటి ఫైలు తీశాడు. హెడర్లో పేర్లు మాత్రం ఉంచి, ఫంక్షన్లను ఒకేచోటికి చేర్చి, టోకెన్ల లెక్క ఒక్కటే ఉండేలా కట్టి, అందరూ వాడుకునే లైబ్రరీగా చేసి ఆసుపత్రికి పంపాడు. గొడవ చల్లారింది. పైన అన్నయ్య పేరు మాత్రం ముట్టుకోలేదు. ఈ కంగాళీతో తనకు సంబంధం ఉన్నట్టు ఎక్కడా ఉండకూడదని అతని పట్టుదల.

సాయంత్రం పెద్దసారు రెండు ఫైళ్ళూ పక్కపక్కన తెరిచాడు. ఆయన దేన్నయినా పై వరస వరకే చదువుతాడు. చెడిపోయినదాని మీద చిన్నల్లుడి పేరుంది, బాగుపడినదాని మీద పెద్దల్లుడి పేరుంది. అక్కడికక్కడే తీర్పయిపోయింది. ఇద్దరిలో ఎవరు నోరు విప్పినా ముందు తన నిర్వాకం చెప్పుకోవాలి, అందుకని ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

పెద్దల్లుడు ఇప్పుడు అద్దాల గదిలో ఉన్నాడు. లీడర్లు మీటింగులే చూసుకోవాలని అతన్ని ప్రోగ్రాం ముట్టుకోనివ్వరు. బయట జనమంతా సందేహాలకి చిన్నల్లుడి కుర్చీ చుట్టూ మూగుతుంటే, అద్దంలోంచి చూసి కుళ్ళిపోతుంటాడు. తన బుర్రతో సంపాదించిన కుర్చీలో అన్నయ్య గిరగిరా తిరుగుతుంటే చూసి చిన్నల్లుడు ఉడికిపోతుంటాడు. ఇద్దరూ విడివిడిగా నా దగ్గరికొచ్చి వెళ్ళగక్కింది కలిపి కుట్టి మీకు చెప్పాను.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే: ఆ ఒకటో నంబరు నా ముందు నిలబడ్డ ముసలాయనకి వచ్చింది, నాది రెండు.