చావాల్సిన పావురం

పావురం ఇంకా బతికే ఉంది.

గాలి తోడే పంపు కొట్టడం మొదలై అరగంట అయింది. గాజు గోళంలో గాలి పూర్తిగా పోయిందని మా విద్వత్పరిషత్తు సభ్యులు ఏడుగురూ ధ్రువీకరించారు. ఆ సంగతి పావురానికి మాత్రం తెలియలేదు. అది గాజులోంచి అధ్యక్షులవారిని చూస్తూ రెక్క గోక్కుంటోంది.

మామూలుగా ఇది పెద్ద విషయం కాదు. మా డ్యూక్ గారి రాజ్యంలో ప్రయోగం నిజమా కాదా అన్నది సాక్షుల హోదాను బట్టి తేలుతుంది. పెద్దవారు ముందు సంతకం చేస్తారు. వారు చూసినదానికి భిన్నంగా చిన్నవారు చూడరు. చిక్కల్లా ఏమిటంటే, వేటకు వేళవుతోందని డ్యూక్ గారు ప్రయోగానికి ముందే "పావురం మా కళ్ళెదుటే ప్రాణం విడిచింది" అని సంతకం చేసి వెళ్ళారు. భోజనానికి తిరిగి వస్తారు.

డ్యూక్ గారి మాట అబద్ధం కాదు కాబట్టి నేరం జరిగింది. అధ్యక్షులు బారన్ గాట్లోబ్ గారు అక్కడికక్కడే విచారణ మొదలుపెట్టారు. పరిషత్తు కార్యదర్శిని కనుక తీర్పు రాసి చదివే బాధ్యత నాది.

అనుమానం పంపు కొట్టే ఊర్సులా మీదికి వెళ్ళింది. పదకొండేళ్ళుగా మా ప్రయోగాలన్నీ చేసింది ఆమె చేతులే. పేరు మాత్రం ఏ నివేదికలోనూ లేదు. ఈసారి ఆ పేరు రాయడానికి అందరం ఉదారంగా ఒప్పుకున్నాం. శిక్ష, పొద్దుకూకేలోగా ఊరి నుంచి వెలివేత.

"తోలు ఎండిపోయింది దొరా, అంతే," అంది ఊర్సులా. "పంపులో ఆడే తోలు ఎండితే పక్కలనుంచి గాలి దూరుతుంది. దానికి రాద్దామని నిన్న డబ్బా నిండా పంది కొవ్వు పెట్టి వెళ్ళా. పొద్దున చూస్తే అడుగు నాకేసినట్టుంది."

"కొవ్వు గురించి శాస్త్రంలో ఎక్కడా లేదు," అన్నారు బారన్.

"శాస్త్రం వచ్చి పంపు కొట్టదు కదండీ."

ఇక్కడ నా విగ్గు గురించి ఒక మాట చెప్పాలి. డ్యూక్ గారి ముందుకు వెళ్ళాలంటే విగ్గు మీద పౌడరు నిలవాలి. పౌడరు నిలవాలంటే జిడ్డుండాలి. ఆ రోజు నా విగ్గు అద్భుతంగా ఉంది. ఒక్క రేణువు రాలలేదు. దాని మీద పదిహేడు ఈగలు వాలాయి. వాటిని లెక్కపెట్టిన మా సభ్యులు డాక్టర్ మెల్కియోర్, కారణం కార్యదర్శి గారి మేధస్సులోని వేడి అని తేల్చారు. ఆ మాట నా చేత్తో నేనే నమోదు చేశాను. నవ్వే పాఠకులు ముందు తమ నెత్తి వాసన చూసుకోవచ్చు.

తీర్పు చదవబోతుంటే ఊర్సులా నా పక్కకొచ్చి మెల్లగా అంది. "అయ్యగారూ, నన్ను పంపితే ఊరికే పోను. ఆ కొవ్వు ఎవరి నెత్తికెక్కిందో కోట గుమ్మంలో చెప్పి మరీ పోతా."

సత్యాన్వేషణ అంటే ఏమిటో నాకు ఆ క్షణంలో బోధపడింది. నేను కాని మరొకరు దొరకాలి.

బయట గుర్రాల చప్పుడు వినిపించింది. డ్యూక్ గారికి వేటలో ఏమీ పడలేదని, చాలా ఆకలి మీదున్నారని కబురొచ్చింది.

"త్వరగా కానివ్వండయ్యా," అన్నారు బారన్. "హోదా లేనిది, అప్పీలు చేయనిది, ఎవరిదో ఒకరి పేరు గట్టిగా చదవండి. ఆయన సంతకం నిజం కావాలి, మనం మిగలాలి."

ఏం వండాలో అడగడానికి వంటామె కత్తితో వచ్చి గుమ్మంలో నిలబడింది.

నేను కలం ముంచి ఊర్సులా పేరు కొట్టేసి, పైన ఇంకో పేరు రాశాను. లేచి, విగ్గు సర్దుకుని, ఈగల మధ్య నుంచి హాలంతా వినబడేలా చదివాను.

"నేరస్థురాలు, పావురం."