దగ్గు ట్యూషన్

మిత్రులారా, నాకు దగ్గు జబ్బు లేదు. మొయినాబాద్‌లో నన్ను చూసి ముక్కులు మూసుకున్నవాళ్లు మీకెవరైనా కనిపిస్తే ఈ మాట చెప్పండి.

మా స్నిగ్ధ మూడో తరగతి. విన్న పాట ఒక్కసారికే అప్పజెబుతుంది. పుస్తకం తెరిస్తే మాత్రం నోరు పెగలదు. ఆదివారం చర్చిలో పిల్లలు లేచి వాక్యం చదువుతుంటే, అక్కడ మా పిల్ల గొంతు వినాలని నా ప్రాణం కొట్టుకుంటుంది.

పిల్లకు చదువులో ఎక్కడ కష్టమో పరీక్షించి చెప్పే మేడమ్ మొయినాబాద్‌లో ఉన్నారని బడిలో చెప్పారు. నా చెవికి పరీక్ష ఒక్కటే ఎక్కింది. మా వంశంలో పరీక్ష తప్పినవాళ్లు లేరు. రాసినవాళ్లూ తక్కువే అనుకోండి. వెంటనే ట్యూషన్ మొదలుపెట్టి, ఫస్టు ర్యాంకు కోసం పాస్టరు గారితో ప్రార్థన కూడా చేయించాను.

"అది ర్యాంకుల పరీక్ష కాదయ్యా," అంది మా ఆవిడ ఆశ.

"ఫెయిలైతే ఇజ్జత్ పోదా?"

"ఎవరిది? పిల్లదా, నీదా?"

నేను స్నిగ్ధను పక్కకు పిలిచి రహస్య ఒప్పందం చేసుకున్నాను. "తప్పు చదివితే నేను దగ్గుత. మళ్ల చూస్కో."

మొయినాబాద్‌లో ఆ మేడమ్, సమత గారు, చదవమని పేజీ ఇవ్వగానే పిల్ల తడబడింది, నేను దగ్గాను. మళ్లీ తడబడింది, మళ్లీ దగ్గాను. మేడమ్ నీళ్లిచ్చారు. తాగి మరీ దగ్గాను. బయట కూర్చున్నవాళ్లు ముఖాలకు కర్చీఫులు కట్టుకున్నారు.

"అన్నా, దవాఖానకు పోతరా, బయట కూసుంటరా?" అన్నారు మేడమ్. "మీ దగ్గు సంగతి ఆశక్క పొద్దుగాల్నే ఫోన్‌ల చెప్పింది."

ఆశ వైపు చూశాను. "నువ్వు రహస్యం చెప్తే పక్కింటికి గూడ వినబడ్తది," అంది.

అంతా అయ్యాక, బయట కూర్చున్న నన్ను మేడమ్ లోపలికి పిలిచారు. "ఇండ్ల పాసు, ఫెయిలు లేవన్నా. పాపకు తెలివి మస్తున్నది. అక్షరాలు పోల్చుకునుడే కష్టమైతున్నట్టున్నది. ఇంకోసారి చూసి పూర్తిగ చెప్త. కష్టమెక్కడో తెలిస్తెనే ఎట్ల నేర్పాల్నో తెలుస్తది. మీరు దగ్గితే అదే దాగిపోతది."

"చదువుతదా మేడమ్?"

"చదువుతది. జర టైమియ్యుండ్రి."

బస్టాపులో నిలబడ్డాం. బస్సొచ్చి ఆగింది. స్నిగ్ధ తలెత్తి బోర్డు వైపు చూసింది. ఎవరూ అడగకుండా తను అలా చూడటం అదే మొదలు.

"చే..." అంది. పెదాలు కదులుతున్నాయి, రెండో అక్షరం రావడం లేదు. అది మా ఊరు చేవెళ్లకు పోయే బస్సే. ఆశ ఎక్కలేదు, నేనూ ఎక్కలేదు. బస్సు వెళ్లిపోయింది.

నాకు దగ్గొచ్చింది. ఈసారి నిజం దగ్గు.

స్నిగ్ధ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "దగ్గకు డాడీ. ఇంకో బస్సొస్తది గదా, మళ్ల చదువుత."