బాలమల్లుకు పడిన దండ

ఆ రోజు బాలమల్లు వేసుకున్న ప్లానులో తప్పు పట్టడానికేం లేదు. కామారెడ్డిలో మొదటి బస్సు ఎక్కి, ఎల్లారెడ్డిలో దేవవ్వకు గ్రామఫోన్ అప్పగించి, ఒక్క రికార్డు వేసి వినిపించి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరుకోవాలి. యాభై ఏండ్లుగా పాత పాటల పెట్టెలకు ప్రాణం పోస్తున్నా, ఆయనను కుర్చీ వేసి కూర్చోబెట్టినవాళ్లు లేరు. పాట మొదలైతే అందరూ పెట్టెనే చూస్తారు.

దేవవ్వ భర్త పర్శరాములు పోయి ఆ రోజుకు సరిగ్గా ఏడాది. సంవత్సరీకం నాడు ఆయన పెట్టె పాడాలన్నది ఒక్కటే ఆమె కోరిక. అందుకోసం బాలమల్లు మూడు నెలలు కష్టపడ్డాడు. తెగిన స్ప్రింగు మార్చాడు. అరిగిన పళ్లచక్రం తీసేసి కొత్తది చేయించి పెట్టాడు.

దేవవ్వ ఇంట్లో పెట్టెను నేల మీద పెట్టి, హ్యాండిల్ తిప్పి, రికార్డు మీద ముల్లు ఆనించాడు. తర్వాత తన అలవాటు ప్రకారం పక్కనే వెల్లకిలా పడుకొని, ముఖం మీద తువ్వాల కప్పుకున్నాడు. మోటారు అదురు నేలలోంచి వీపుకు తెలియాలంటాడు. వీపుకు అంతా బాగానే తెలిసింది. రెండు రాత్రులుగా నిద్రలేని మనిషి, అట్లాగే నిద్రపోయాడు.

పాట ఎక్కడా ఆగకుండా సాఫీగా సాగింది. అది విని దేవవ్వ తట్టుకోలేకపోయింది. "నన్ను ఇడిసిపెట్టి పోయినవా!" అని శోకాలు పెడుతూ పెరట్లోకి పరుగెత్తింది.

ఆ వాడలో శోకం వినిపిస్తే ఎందుకని ఎవరూ అడగరు, వచ్చేస్తారు. పక్కింటి రాములవ్వ తలుపులోంచి తొంగి చూసింది. ముఖం మీద గుడ్డ కప్పుకొని, పక్కన పనిముట్ల సంచితో, కదలకుండా ఒక ముసలాయన.

"అయ్యో! కామారెడ్డి మిస్త్రీ గీడనే పాణమిడిసిండు!"

కిరాణం మల్లేష్ బంతిపూల దండ తెచ్చాడు. ఇంకెవరో డప్పులవాళ్లను పిలిచారు. పనిముట్ల సంచి మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే, కామారెడ్డి నుంచి బాలమల్లు కొడుకు ఏడుస్తూ బయల్దేరాడు. "చేతిల మంచి పని ఉండె. గసొంటోడు మల్ల పుట్టడు" అన్నాడు మల్లేష్, దండ మెడలో వేస్తూ. పొద్దున దాకా ఆయన పేరు కూడా మల్లేష్‌కు తెలియదు.

వాకిట్లో డప్పు మోగింది. శవం లేచి కూర్చుంది.

"ఏందిది? మోటారు గింత సప్పుడు చెయ్యదే!"

మల్లేష్ గడప తట్టుకొని బయట పడ్డాడు. ఆ గోలకు దేవవ్వ లోపలికి వచ్చింది.

జరిగింది తెలుసుకొని బాలమల్లు ముందు ఫోన్ అందుకొని, "నేను బతికే ఉన్న బిడ్డా, ఎనక్కి మర్రిపో" అని కొడుకుకు చెప్పాడు. తర్వాత దేవవ్వ ముఖం చూసి భయపడ్డాడు.

"ఏమైంది చెల్లె, పాట తప్పిందా?"

"తప్పలే అన్నా. గదే నా బాధ. సగం పాట కాడ పెట్టె మొరాయిస్తుండె. ఆయన వేలు పెట్టి రికార్డు తిరిగే పళ్లెం జర నూకుతుండె, నా దిక్కు జూసి నవ్వుతుండె. నువ్వు మంచిగ చేసినవ్. ఇగ గీ పెట్టెకు ఆయన అవసరం లేదు."

తీసేసిన పాత సామాను యజమానికి తిరిగివ్వడం బాలమల్లు పద్ధతి. జేబులోంచి అరిగిన పళ్లచక్రం తీసి, కొత్తదాని చోట మళ్లీ బిగించాడు. మూడు నెలల పనిని పావుగంటలో తన చేతులతోనే చెడగొట్టాడు.

ఈసారి పాట సగంలో మూలిగింది. దేవవ్వ వేలు చాపి పళ్లాన్ని మెల్లగా నూకింది. పాట మళ్లీ నడిచింది. ఆమె పక్కకు తిరిగి నవ్వబోయి, అక్కడ ఎవరూ లేక ఏడ్చింది. పాడె కట్టడానికి వచ్చినవాళ్లంతా కూర్చొని ఏడ్చారు.

బాలమల్లు మెడలో దండ అట్లాగే ఉంది. యాభై ఏండ్ల పనికి ఆయనకు పడిన మొదటి దండ అది, పోయాడనుకున్నారు కాబట్టి సరిపోయింది, లేకుంటే అదీ పడేది కాదు.