కొంగ పాతిన బోర్డు

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న బడి. అక్కడ నాంచారమ్మ అనే ముసలి ఎలుగుబంటి పిల్లల చేత ఇసుకలో అక్షరాలు దిద్దించేది. ఆమెకొచ్చిన చదువు గుణింతాలు, ఒత్తుల దాకానే. వచ్చిందేదో గట్టిగా వచ్చు. వంకర పోయిందా, వందసార్లు దిద్దాల్సిందే.

ఒకనాడు చదువుల అధికారిగా నెమలి దిగింది. సభలో పింఛం విప్పి, "అక్షరాలతో పసివాళ్లను కొరుక్కుతింటున్నారు. ఇకమీదట బొమ్మ చూస్తారు, మాటను మొత్తంగా చూస్తారు. చదువు దానంతటదే వస్తుంది," అంది.

"రాకపోతే?" అంది నాంచారమ్మ.

"ఊహిస్తారు."

అందరూ తలలూపారు. ఏనుగయితే చెవులు కూడా ఊపింది. బళ్లో ఇసుక ఎత్తి పారబోశారు. ఆనాటి నుంచి నెమలి ఎదురైతే నాంచారమ్మ మొహం తిప్పుకునేది. ఆమె మనవరాలు గున్నమ్మ మాత్రం కొత్త చదువులో అందరికంటే ముందు.

ఎండాకాలం వచ్చింది. ఎగువ ఊళ్లో పురుగుమందు డబ్బాలు వాగులో కడిగారని తెలిసి, వాగు కాపలా ఉద్యోగి కొంగ గట్టున బోర్డు పాతింది. నీళ్ల దగ్గర మెడ వంచిన జింక బొమ్మ, కింద రెండు మాటలు.

నెమలి తన గొప్ప చూపించడానికి సభ్యులను అక్కడికే తీసుకొచ్చింది. "గున్నమ్మా, చదువు."

గున్నమ్మ బొమ్మ చూసింది. "చల్లటి నీళ్లు, కడుపారా తాగండి," అని గడగడా చదివేసి, వాగులోకి మూతి వంచింది. సభ్యులు చప్పట్లు కొట్టారు.

పక్కన పుట్ట తవ్వుకుంటున్న నాంచారమ్మ బోర్డుకేసి చూస్తూ పెదాలు కదిపింది. ఒక్క ఉరుకున వచ్చి మనవరాలి మెడ పట్టి వెనక్కి లాగింది.

"వేలు పెట్టి చదువే."

"వేలు పెడితే మా బళ్లో తిడతారు, అమ్మమ్మా."

"నేను పెడతాలే. తా... గొ... ద్దు. వి... షం."

"ముక్కలు చేస్తే అర్థం చచ్చిపోతుంది, ముసలమ్మా," అంది నెమలి.

"అర్థం సంగతి తర్వాత. ముందు నువ్వు చావకుండా చూసుకో."

సభ్యులు నెమలి వైపు చూశారు. నెమలి బోర్డు వైపు చూసింది. దానికీ జింకే కనపడింది. వంగి నాలుగు గుక్కలు తాగింది.

వారం రోజులు కక్కింది. పింఛమంతా రాలిపోయింది. లేచి కూర్చోగానే గుమాస్తా నక్కకు చెప్పి ఆర్డరు రాయించింది: పద్ధతి నిక్షేపంలా ఉంది, బొమ్మే తప్పు, కొంగకు సస్పెన్షన్.

ఆ కాగితాన్ని నాంచారమ్మ గున్నమ్మ చేతే చదివించింది. వారంగా ఇసుకలో దిద్దిన వేలితో, అక్షరం తరవాత అక్షరం. పూర్తయ్యేసరికి పొద్దుగూకింది.

నీతి: చదవడం రాలేదని దిగులు పడకండి, చదువుల అధికారి కావచ్చు.