రెండుముప్పావు నక్షత్రాల బీరు

బీరు ఉన్నది తాగడానికని ఇంకా ఎవరైనా అనుకుంటుంటే, వాళ్లు ఈ కాలమ్ వదిలేసి పక్క పేజీలో సైకిల్ పందేల ఫలితాలు చూసుకోవచ్చు. నాకేం కోపం లేదు. వెనకబడినవాళ్లను చూస్తే నాకు జాలే కానీ కోపం రాదు.

బీరు ఉన్నది మార్కులు వెయ్యడానికి! ఫోన్‌లో యాప్ తెరిచి, సీసాను ఫొటో తీసి, అయిదు నక్షత్రాలకు ఎన్నివ్వాలో తేల్చి, కింద నాలుగు వాక్యాల విమర్శ రాయడానికి. ఈ ఏర్పాటు కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, మా నీనోవ ఊరి నడిబొడ్డున ఆయన విగ్రహం పెట్టాలి. ఇప్పుడున్న విగ్రహం ఎవరిదో ఎలాగూ ఎవరికీ గుర్తులేదు.

లాభాలు ఒకటా రెండా? ఆరోగ్యం సంగతే చూడండి. ఇదివరకు ఆదివారం పదకొండింటికి, చర్చికి వెళ్లినవాళ్లు చర్చి నుంచి, వెళ్తున్నామని ఇంట్లో చెప్పినవాళ్లు ఇంటి నుంచి, మేం నలుగురం గోదెలీవ నడిపే కేఫ్‌కి చేరేవాళ్లం. మూల బల్ల మాది. మనిషికి రెండు బీర్లు, మాట పెరిగితే మూడు. ఇప్పుడో? నలుగురికీ కలిపి ఒక్క సీసా! తలా దగ్గుమందంత వస్తుంది. దాన్ని ముందు వెలుతురుకెత్తి చూడాలి, తిప్పాలి, వాసన పట్టాలి, కళ్లు మూసుకుని మళ్లీ తిప్పాలి. గొంతు దిగేసరికి భోజనాల వేళవుతుంది. మా డాక్టరు నా లివర్‌ని మెచ్చుకున్నాడు. గోదెలీవ మాత్రం మెచ్చుకోలేదు. మూడు గంటలు బల్ల ఆక్రమించి ఒక్క సీసా తాగితే ఇది కేఫా, ఆస్పత్రి వరండానా అని అడిగింది. వ్యాపారస్తులకు సైన్సు ఎక్కడర్థమవుతుంది?

ఇక భాష! ఇదివరకు బీరు గురించి మాకు తెలిసిన మాటలు రెండే. ఒకటి "బావుంది", రెండోది "ఇంకోటి". ఇప్పుడు మా ఆల్‌బ్రెక్ట్‌ని చూడండి. మాంసం కొట్టు నడుపుతాడు. కిలో ధర తప్ప వేరే వాక్యం అతని నోట మేం విన్నది లేదు. అలాంటివాడు మొన్న చలికాలంలో ఒక పుల్లబీరు చప్పరించి, "తడిసిన గుర్రపు దుప్పటి... దాని వెనక మేకల పాక... ఆఖర్న పచ్చి యాపిల్ తొక్క" అన్నాడు. అని, కళ్లనీళ్లు పెట్టుకుని నాలుగున్నర నక్షత్రాలిచ్చాడు. బయటివాళ్లు తిట్టాడనుకుంటారు. మా వైపు పుల్లబీరును అంతకంటే పొగడలేం. గుర్రం వాసన రాకపోతే సీసా వెనక్కి పంపేస్తాం. పాపం, అదే ఊపులో ఇంట్లో పెళ్లాం చేసిన సూప్‌ని కూడా వర్ణించాడు. రెండు రోజులు మా ఇంట్లో తిన్నాడు.

గొడవలు పోయాయి, అది చెప్పనే లేదు. ఇదివరకు మేయరు కూడలిలో కట్టించిన రౌండ్‌అబౌట్ మీద, సైకిల్ పందెంలో ఎవడు మోసం చేశాడన్న దాని మీద కేఫ్ ఎగిరిపోయేది. ఇప్పుడు ఎవరి ఫోన్‌లో వాళ్లు తలదూర్చి కూర్చుంటాం. ఎంత నిశ్శబ్దమంటే, గోదెలీవ పిల్లి మా బల్ల మీదే పడుకుంటోంది.

ఈ వెలుగంతా మాకు తెచ్చినవాడు యోరిస్. భూగోళం మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు. బతుకంతా మార్కులు వేసిన చెయ్యి ఊరికే ఉంటుందా? పిల్లలు దొరక్క బీర్ల మీద పడ్డాడు.

"అంతా బాగానే ఉంది, మరి ఫిర్మిన్ మాటేమిటి?" అని కిట్టనివాళ్లు అడుగుతున్నారు. అడగనివ్వండి. దాచడానికేముంది, చెప్తాను.

ఫిర్మిన్ మా బల్లకు నాలుగోవాడు. ఇళ్లకు పెంకులు కప్పేవాడు. పని మానేశాక సొంతంగా బీరు కాస్తానని గరాజులో గుండిగలూ పీపాలూ పెట్టాడు. వాళ్లావిడ నెల్లి కారు రెండు చలికాలాలు వానలో నానింది. మొదటి విడత సీసాలు పేలిపోయాయి. రెండో విడత తోటలో పారబోస్తే, అక్కడ ఇప్పటికీ గడ్డి మొలవలేదు. మూడోసారి మాత్రం కుదిరిందన్నాడు. దానికి "మూల బల్ల" అని పేరు పెట్టాడు. సీసా మీద అంటించిన బొమ్మ మనవరాలు వేసింది. ఒక బల్ల, చుట్టూ నాలుగు తలకాయలు. బట్టతల నాదట.

ఆ ఆదివారం ఫిర్మిన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మేమెప్పుడూ చూసి ఎరుగం. సంచిలోంచి రెండు సీసాలు తీసి బల్ల మీద పెట్టి, ఒకదాని బిరడా లాగేశాడు. టప్పుమని మంచి చప్పుడే వచ్చింది.

"దీని గ్లాసేదీ?" అన్నాడు యోరిస్.

న్యాయమైన ప్రశ్న! మా దేశంలో ఏ బీరుకు ఆ బీరు గ్లాసు ఉంటుంది. వెడల్పు మూతిది ఒకదానికి, నడుము సన్నంది ఇంకోదానికి. నా బీరు గ్లాసులో ఇంకొకడు తాగుతుంటే వాడు తాగేదాకా ఆగుతాను, అంతేగానీ వేరేదాంట్లో పోయించుకోను. గ్లాసు ఖాళీ కాక దాహంతోనే ఇంటికెళ్లిన పెద్దమనుషులు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. మరి ఫిర్మిన్ బీరుకు గ్లాసెక్కడిది?

ఫిర్మిన్ అటూ ఇటూ చూశాడు. "ఏదో ఒకదాంట్లో పొయ్యండ్రా," అన్నాడు.

గోదెలీవ చేతిలో గుడ్డ ఆగిపోయింది. కౌంటరు దగ్గరున్న ఒకాయన పసిపిల్లాడిని బయటికి తీసుకుపోయాడు. ఎంత స్నేహితుడైనా ఒక మనిషి నోట రావలసిన మాటేనా అది?

చర్చ మొదలైంది. రంగు బంగారంలా ఉంది కాబట్టి నడుము సన్నం గ్లాసేనని యోరిస్ అన్నాడు. ఘాటు ఎక్కువ కాబట్టి వెడల్పు మూతిదేనని ఆల్‌బ్రెక్ట్ అన్నాడు. నేను తటస్థుణ్ని కనుక, రెంటిలోనూ రుచి చూసి, ఏ గ్లాసులో రుచి చూడాలో తర్వాత నిర్ణయిద్దామన్నాను. ఓటింగు పెట్టాం. ఫిర్మిన్ ఓటెయ్యలేదు. గోదెలీవ గ్లాసులు తెచ్చింది, యోరిస్ వాటిని వెలుతురులో చూసి మళ్లీ కడిగించాడు. చివరికి నడుము సన్నందే గెలిచేసరికి, మా బల్ల మీదున్న ఎండ పక్క బల్ల మీదికి వెళ్లిపోయింది. బిరడా తీసిన సీసా అంతసేపూ మా మధ్యే నిలబడి ఉంది.

పోశాం. నురుగు రాలేదు.

మేం ఎవరి మొహం చూసీ మార్కులు వెయ్యం. "నురుగు లేదు, ప్రాణం లేదు, వెచ్చగా ఉంది," అని యోరిస్ రాశాడు. నేనూ, ఆల్‌బ్రెక్టూ మా ధర్మం మేం నెరవేర్చాం. సగటు రెండుముప్పావు వచ్చింది. మా పద్ధతి ప్రకారం అంతా పైకి చదివి వినిపించాం. ఫిర్మిన్ తల ఊపుతూ విన్నాడు.

"రెండుముప్పావు అంటే పాసేనా?" అని అడిగాడు.

"పాసే," అన్నాడు యోరిస్, దయతలచి.

తెరవని రెండో సీసాను ఫిర్మిన్ సంచిలో పెట్టుకున్నాడు. కోటు తగిలించుకుని వెళ్లిపోయాడు. తన బీరు తను ఒక్క చుక్క కూడా తాగలేదు.

ఆ పై ఆదివారం రాలేదు. అందులోనూ లాభమే చూడమంటాను! మోచేతులు చాపుకునే చోటు దొరికింది. గోదెలీవ ఎప్పటిలాగే చీజ్ ముక్కలూ ఆవపిండి ముద్దా ఉన్న పళ్లెం పెట్టింది. నలుగురి పళ్లెం ముగ్గురికి. విచిత్రం, సగం మిగిలిపోయింది. చీజ్ పాతదయి ఉంటుందన్నాడు ఆల్‌బ్రెక్ట్. మన తప్పేముంది, సగటు తీసింది యాప్ కదా అన్నాడు యోరిస్. ఎవరూ ఏమీ అనకపోయినా అన్నాడు. తర్వాతి ఆదివారం కూడా అన్నాడు.

మూడో ఆదివారం గోదెలీవ పళ్లెం తీస్తూ మా ముగ్గురి వంకా చూసింది.

"నాలుకలు బాగా పదును పెట్టుకున్నారయ్యా. కాళ్లు ఒక్కడికైనా పనిచేస్తున్నాయా? అతనిల్లు రెండు వీధుల అవతలే."

కాబట్టి వెళ్లాను. మనసాగక వెళ్లాననుకునేరు! ఎంతమాత్రం కాదు. ఏ ప్రయోగమైనా రెండోసారి చేసి చూడాలని సైన్సు చెబుతోంది.

నెల్లి తలుపు తీసింది. వానకు నెత్తిమీంచి నీళ్లు కారుతున్నాయి, అప్పుడే కారు దిగినట్టుంది. "వచ్చావా, గోమార్. గరాజులో ఉన్నాడు, పో. ఆ సీసాలు తాగుతారో మోసుకుపోతారో మీ ఇష్టం. ఆయన వాటి మధ్యన కూచుని రోజూ ఒకటే మాట. పాసేనట."

ఫిర్మిన్ పెట్టె బోర్లించి కూర్చుని ఉన్నాడు. ఒక కాలు తిన్నగా చాపుకున్నాడు. నన్ను చూసి లేవబోయి, మానుకుని, బిరడా లాగి, ఆవపిండి అయిపోయాక కడిగి పెట్టుకున్న గాజు డబ్బాలు రెంటిలో బీరు పోశాడు. ఆవపిండి డబ్బాలో! ఎవరైనా చూస్తున్నారేమోనని నేను వీధి వైపు చూశాను. నురుగు మాత్రం బుసబుసా పొంగి నా చొక్కా చెయ్యి తడిపేసింది.

తాగాను. పాఠకులారా, ఇన్నేళ్లుగా మీకు అబద్ధం చెప్పని మనిషిని. ఆ బీరు బాగాలేదు. మాడిన రొట్టెను పానకంలో నానబెట్టినట్టుంది. అంటే మా మార్కులు న్యాయమైనవే! ఈ ముక్క యోరిస్ మీ అందరికీ చెప్పమన్నాడు.

"ఎలా ఉంది?" అన్నాడు ఫిర్మిన్.

"బాగాలేదురా."

డబ్బా ఎత్తి తనూ ఒక గుక్క తాగాడు.

"నాకూ అలాగే అనిపిస్తోంది," అన్నాడు. "ఇంకోటి పొయ్యనా?"

"పొయ్యి."

రెండోది సగమయ్యాక, ఆ కాలెందుకు అలా చాపావని అడిగాను. మోకాలి ఆపరేషన్ అన్నాడు. ఎప్పుడన్నాను. మార్చిలో అన్నాడు. ఏ మార్చిలో అన్నాను.

"ఈ మార్చే. తర్వాతి వారం కర్ర పట్టుకునే కదరా కేఫ్‌కొచ్చాను. నువ్వు ఆ కర్ర మీంచి వంగి సీసా ఫొటో తీసుకున్నావు."

ఆ సీసా నాకు బాగా గుర్తుంది. ధనియాలు, నారింజ తొక్క, వెనకగా కొంచెం మిరియం అని రాశాను. కర్ర మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. సిగ్గేసింది. సైన్సుకు సంబంధం లేని విషయం కనుక ఇంతకు మించి రాయను.

ఆ పైన ఏం మాట్లాడుకున్నామో చెప్పమంటారా? మొదట అతని మోకాలు, తర్వాత నా పంటినొప్పి, తర్వాత మేయరు రౌండ్‌అబౌట్. సైకిల్ పందెం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం ఎంత గట్టిగా అరుచుకున్నామంటే, కొట్టుకుంటున్నామేమోనని నెల్లి పరుగెత్తుకొచ్చింది. వచ్చి, తనకూ ఒక డబ్బాలో పోయించుకుని, ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. ఇంత దరిద్రపు బీరు కోసమా నా కారు నానిందని మొగుణ్ని దులిపేసి, డబ్బా మళ్లీ చాపింది.

ఇప్పుడు ఆదివారం గోదెలీవ దగ్గర, బుధవారం ఫిర్మిన్ గరాజులో. ఆల్‌బ్రెక్ట్ సాసేజ్‌లు తెస్తాడు. యోరిస్ మొదటిసారి వచ్చినప్పుడు గ్లాసు కోసం గోడలన్నీ చూశాడు. ఆవపిండి డబ్బా అందుకుని కాసేపు బాధపడ్డాడు. నాలుగోది తాగుతూ, తనకు భార్య పోయాక ఆదివారాలు తప్ప మాట్లాడే మనిషే లేడని, ఆ మాట ఇన్నాళ్లూ చెప్పే సందు దొరకలేదని అన్నాడు. సందు లేకుండా చేసింది ఎవరని ఫిర్మిన్ అడిగాడు. అందరం నవ్వాం, యోరిస్ అందరికంటే ఎక్కువ నవ్వాడు.

అయినా నా వాదన మారలేదు. మార్కులు వరమే! ఆ సంగతి పోయిన వారమే మళ్లీ రుజువైంది. గెంట్ నగరం నుంచి ఎవరో కుర్ర జంట కారేసుకుని ఫిర్మిన్ గుమ్మంలోకి దిగారు. ఎక్కడా దొరకని బీర్లు వెతుక్కుంటూ తిరుగుతారట. యాప్‌లో రెండుముప్పావు చూసి, మరీ అంత తక్కువ కాదు కదా, ఒక పెట్టె ఇప్పించండి అన్నారు. ఫిర్మిన్ మెత్తని మనిషి, ఇచ్చేశాడు.

ఆ బుధవారమే అత్యవసర సమావేశం పెట్టాం. ఎవరికి వాళ్లం యాప్ తెరిచి, మా మార్కులన్నీ అర నక్షత్రానికి దించేశాం. "తడిసిన అట్టపెట్టె, తుప్పు మేకు, తాగితే తలనొప్పి," అని విమర్శ రాసింది ఫిర్మినే. యోరిస్ అచ్చుతప్పులు దిద్దాడు.

కనుక పాఠకులకు నా మనవి. మీరెప్పుడైనా నీనోవ వైపు వస్తే గోదెలీవ దగ్గర కావలసినన్ని రకాలున్నాయి, ఏదైనా అడగండి, దాని గ్లాసులోనే పోసిస్తుంది. "మూల బల్ల" మాత్రం అడక్కండి. పరమ చెత్త బీరు. మాకే చాలడం లేదు.